ఒక్క బల్ల మీద నుంచి మూడు కెమెరాలు

(శాఖా సంఘాల ప్రతినిధుల సమావేశంలో మన ప్రసార బృందం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరునే చాలావరకు అట్లనే ఉంచాం.)



 భోజనాలకు ముందు మాకు మైకు ఇచ్చిండ్రు. అంటే తొందరగా ముగించమని అర్థం. కానీ మేము చెప్పేది కొంచెం యంత్రాల ముచ్చట, కాబట్టి కాస్త ఓపిక పట్టాలని మనవి. మేమంటే పెద్ద ఇంజనీర్లం ఎవరం కాదు. కార్ఖానాలో మెహతాజీ పని చేసేవారు ఒకరు, సీసీటీవీ వైరింగు చేసే తమ్ముడొకరు, కాలేజీకి పోయే పిల్లలు ఇద్దరు. ఈ ఏడాది మన హాలులో కెమెరాలను నెట్‌వర్కు మీద నడిపించే కంట్రోలర్ పెట్టినం. అది ఎట్ల పెట్టినమో, మీ శాఖలో పెట్టుకోవాలంటే ముందు ఏం చూసుకోవాలో, పెట్టుకున్నంక ఏ నియమం రాసుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అసలు ఇది ఎందుకు అని అడిగిన పెద్దలు ఉన్నారు. వాళ్లకు మా జవాబు ఇది. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మెదక్ దిక్కు నుంచి మన తాతలు, తండ్రులు సాంచాల పని వెతుక్కుంటూ భివండికి వచ్చిండ్రు. పద్మానగర్, కామత్‌ఘర్ గల్లీల్లో బతుకులు అల్లుకున్నరు. కానీ చుట్టరికం అక్కడా ఇక్కడా రెండు దిక్కులా ఉంది. అన్న భివండిలో ఉంటే చెల్లె షోలాపూర్‌లో, మేనమామ సూరత్‌లో, ముసలి తల్లి సిరిసిల్లలో. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు పెళ్లిళ్లు, దశదిన కర్మలు ఎంతోమంది ఫోన్ తెర మీదనే చూసినం. ఆ తర్వాత రాకపోకలు మొదలైనా, ఆ అలవాటు పోలేదు. మార్కండేయ జయంతి వచ్చిందంటే పొద్దుగాలనే ఊళ్ల నుంచి ఫోన్లు మొదలైతయి: "లింకు పెట్టలేదేంది బిడ్డా?" అని.

లింకు పెడితే చాలదు గదా, చూసేటట్టు ఉండాలి. పాత పద్ధతి మీకందరికీ తెలుసు. హాలు నడిమిట్ల మూడు కాళ్ల స్టాండు, దాని వెనుక ఒక పిల్లగాడు. వెనుక కూర్చున్నోళ్లకు వేదిక కనపడదు. ఇంకో పిల్లగాడు భుజం మీద కెమెరా పెట్టుకొని వరుసల మధ్య తిరుగుతడు, వైరు కాళ్లకు తగులుతది. ఆడవాళ్లు కూర్చున్న దిక్కు కెమెరా మోసుకొని పోతే వాళ్లు కొంగులు సర్దుకుంటరు, ముఖం తిప్పుకుంటరు. సన్మానం జరుగుతుంటే నలుగురు కెమెరావాళ్లు వేదిక ఎక్కి అడ్డం నిలబడతరు. సన్మానం అయ్యేది ఎవరికో, వీపులు కనపడేది ఎవరివో!

ఇప్పుడు మన హాలులో మూడు కెమెరాలు గోడ మీద, స్తంభాల మీద ఉన్నయి. పక్కకు తిరుగుతయి, కిందికి మీదికి వంగుతయి, దగ్గరికి లాగుతయి. ఈ మూడు పనుల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి వీటిని పీటీజెడ్ కెమెరాలు అంటరు. వేదిక పక్క గదిలో ఒక బల్ల, బల్ల మీద ఒక జాయ్‌స్టిక్ పెట్టె. ఒక్క మనిషి కూర్చొని మూడింటినీ నడిపిస్తడు. హాలులో ఒక్క వైరు కాళ్లకు తగలదు.

ఇట్ల దూరం నుంచి కెమెరాను తిప్పడం కొత్తేమీ కాదు. నెట్‌వర్కు రాకముందు ఇది సీరియల్ వైరు మీద నడిచేది. సోనీ కంపెనీ తయారు చేసిన విస్కా అనే ఆజ్ఞల భాష ఇప్పటికీ ఈ రంగంలో ఎక్కువగా వినపడే పేరు. ఆ పాత పద్ధతిలో కంట్రోలర్ నుంచి మొదటి కెమెరాకు వైరు, మొదటి దాని నుంచి రెండో దానికి, రెండో దాని నుంచి మూడో దానికి. అట్ల దండలాగ 7 కెమెరాల వరకు గుచ్చవచ్చు. ఆర్‌ఎస్-232 వైరైతే 15 మీటర్ల దాకా నమ్మకం, ఆర్‌ఎస్-422 అయితే 1200 మీటర్ల దాకా పోతది. చిక్కు ఎక్కడంటే, దండలో నడుమ ఒకటి తెగితే దాని వెనకవన్నీ నిలిచిపోతయి.

మన పెద్దలకు ఒక మాట చెప్తే ఇది ఇట్టే అర్థమైతది. వెనుకటి మిల్లుల్లో పైన ఒక పొడుగాటి షాఫ్టు తిరిగేది, దాని నుంచి పట్టాలు దిగి మగ్గాలన్నిటినీ తిప్పేవి. షాఫ్టు ఆగితే సాలంతా ఆగినట్టే. తర్వాత ఏ మగ్గానికి ఆ మోటరు వచ్చింది. ఒకటి చెడిపోతే జాబర్ వచ్చి దాన్ని చూస్తడు, పక్క మగ్గం తన పని తాను చేసుకుంటది. నెట్‌వర్కు పద్ధతి సరిగ్గా ఇదే. ప్రతి కెమెరా నుంచి ఒక వైరు నేరుగా నడుమ ఉన్న స్విచ్ పెట్టెకు వస్తది. కంట్రోలర్ కూడా ఆ పెట్టెకే. ఎవరి దారి వాళ్లది.

దారి ఎవరిది వాళ్లదైతే, ఎవరు ఎక్కడున్నరో తెలియాలి. అందుకే ఐపీ అడ్రసు. ఈ మొత్తం పనిలో మేము అన్నిటికంటే ఎక్కువ పట్టింపుగా ఉన్నది ఈ అడ్రసుల దగ్గరే. మీరూ అట్లనే ఉండాలని మా మాట.

కార్ఖానాలో ప్రతి సాంచాకు నంబరు ఉంటది. మెహతాజీ రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగానే ఎన్ని మీటర్లు తెగిందో రాస్తడు. రెండు సాంచాలకు ఒకే నంబరు వేస్తే పగార్ లెక్క ఏమైతది? కెమెరాల దగ్గర కూడా గదే గతి. మరి ఒకే కంపెనీ ఒకే మోడల్ కెమెరాలు చాలావరకు ఒకే ఫ్యాక్టరీ అడ్రసుతో వస్తయి. మూడు డబ్బాలు విప్పి మూడింటినీ ఒకేసారి స్విచ్‌కు గుచ్చితే, మూడూ "నేనే, నేనే" అంటయి. జాయ్‌స్టిక్ తిప్పితే ఒకసారి ఇది కదులుతది, ఒకసారి అది కదులుతది, ఒకసారి ఏదీ కదలదు. కొన్న మనిషి కెమెరా చెడిపోయిందని వాపసు పంపుతడు. అందుకే ఒక్కొక్కటి డబ్బాలోంచి తీయాలి, దాన్ని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌కు కలపాలి, అడ్రసు మార్చాలి, కెమెరా అడుగున పట్టీ అంటించి ఆ అడ్రసు రాయాలి, ఆ తర్వాతనే రెండో డబ్బా విప్పాలి. ఇందులో తొందరపాటుకు చోటు లేదు.

మేము పెట్టుకున్న అడ్రసులు చెప్తం, మీరు ఇవే వాడుకోవచ్చు. స్విచ్ 192.168.50.2. కంట్రోలర్ 192.168.50.10. కెమెరాలు వరుసగా 192.168.50.21, 22, 23. అందరికీ సబ్‌నెట్ మాస్కు 255.255.255.0. అంటే మొదటి మూడు అంకెల గుంపులు ఒకటే ఉండాలి, చివరిది మాత్రం వేరు. మొదటి కెమెరాకు 21, రెండోదానికి 22 పెట్టినం కాబట్టి చివరి అంకె చూస్తే ఏ కెమెరానో తెలిసిపోతది. 50 ఎందుకు పెట్టినమంటే, ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్లు తెచ్చే రూటర్లు చాలావరకు 192.168.0 మీదో, 192.168.1 మీదో ఉంటయి. వాటితో తగువు పడకుండా దూరం జరిగినం. 192.168తో మొదలయ్యే అడ్రసులు ఇంటిలోపల వాడుకోవడానికే కేటాయించినవి, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కిరాయి లేదు.

ఇంకొకటి. అడ్రసులను రూటరే తనంతట తాను పంచే పద్ధతి ఉంది, డీహెచ్‌సీపీ అంటరు. ఫోన్లకు అది బాగుంటది. కెమెరాలకు వద్దు. కరెంటు పోయి వచ్చేసరికి కెమెరా అడ్రసు మారితే కంట్రోలర్ పాత ఇంటి తలుపే కొడుతుంటది. కెమెరాకు, కంట్రోలర్‌కు అడ్రసు చేత్తో వేసి, స్థిరంగా ఉంచాలి. రాసిన కాగితం స్విచ్ పెట్టె తలుపు లోపలి వైపు అంటించాలి. ఇంకో నకలు సంఘం ఆఫీసు బీరువాలో ఉండాలి. ఒక్కరి తలలోనో, ఒక్కరి ఫోన్లోనో ఉంచితే ఆ మనిషి ఊరికి పోయిన నాడు హాలు గుడ్డిదైతది.

ఇప్పుడు వైరు సంగతి. క్యాట్-6 వైరు ఒక్క పొడుగు 100 మీటర్ల వరకు పనిచేస్తది. మన హాళ్లకు అది సరిపోయి మిగులుతది. అదే వైరు మీద కరెంటు కూడా పంపవచ్చు. దీన్ని పవర్ ఓవర్ ఈథర్‌నెట్ అంటరు, బజారులో పీఓఈ అని అడగండి. 2003లో వచ్చిన ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు నుంచి 15.4 వాట్లు, 2009లో వచ్చిన దాని ప్రకారం 30 వాట్లు. మోటర్లున్న కెమెరాకు 15 వాట్లు చాలకపోవచ్చు. కెమెరా పుస్తకంలో ఏది రాసి ఉందో చూసి, దానికి తగ్గ స్విచ్ కొనాలి. స్విచ్ మీద 8 పోర్టులు ఉన్నంత మాత్రాన ఎనిమిదింటికీ 30 వాట్లు ఇస్తదని కాదు. మొత్తం మీద ఎన్ని వాట్లు ఇవ్వగలదో వేరే రాసి ఉంటది, ఆ లెక్క చూడాలి. మూడు కెమెరాలకు 30 చొప్పున 90 వాట్లు, పైన కొంత మిగులు. ఇంటి పెద్ద పెళ్లి ఖర్చు లెక్క వేసుకున్నట్టే ఇది కూడా.

వైరు కొనేటప్పుడు "పూర్తి రాగి" అని అడగండి, చాకుతో గీకి చూడండి. అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినవి చవకగా దొరుకుతయి. పైకి చూస్తే రెండూ ఎర్రగనే ఉంటయి, గీకితే లోపల తెల్లది బయటపడుతది. వాటి మీద కరెంటు పంపితే దారిలోనే కరెంటు తగ్గుతది, వైరు వేడెక్కుతది, కెమెరా మధ్యలో ఆగి మళ్లీ మొదలైతది. నూలు కౌంటు వేలికొసలతో చూసి చెప్పే జాతి మనది, వైరు దగ్గర మోసపోతామా?

పీఓఈకి ఇంకో పెద్ద లాభం ఉంది. భివండిలో కరెంటు పోయిందంటే ఏమైతదో ఎవరూ చెప్పనక్కర్లేదు, గల్లీ గల్లీ సాంచాల చప్పుడు ఆగి చెవులు గుయ్యిమంటయి. ఈ కెమెరాలు కరెంటు పోయి వస్తే వెంటనే చూపు ఇవ్వవు. తలను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుకొని, తమ స్థానం తాము వెతుక్కొని, అప్పుడు నిలబడతయి. ఆ కొద్దిసేపట్ల దండలు మార్చుకోవడం అయిపోతది. ప్రతి కెమెరాకు వేరే అడాప్టర్ ఉంటే ప్రతి దాని దగ్గర యూపీఎస్ పెట్టలేం. పీఓఈ అయితే స్విచ్ దగ్గర ఒక్క యూపీఎస్ పెడితే మూడు కెమెరాలకూ అదే కాపుదల. కంట్రోలర్, ల్యాప్‌టాప్ కూడా దాని మీదనే పెట్టినం.

కెమెరా బిగించే చోటు గురించి పుస్తకాల్లో రాయని ముచ్చట ఒకటి. మన హాళ్లు చాలావరకు కార్ఖానాల పక్కనే. సాంచాలు నడుస్తుంటే గోడకు చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తది. మామూలుగా కంటికి కనపడని ఆ అదురు, కెమెరాను పూర్తిగా దగ్గరికి లాగినప్పుడు తెర మీద వణుకై కనపడుతది. రేకు గోడ మీద, పలుచని అడ్డుగోడ మీద బిగించకండి. కాంక్రీటు స్తంభం చూసుకొని, నడుమ రబ్బరు బిళ్ల వేసి బిగించండి. అట్లనే దూది నుసి. మగ్గం కింద ఎట్ల పేరుకుంటదో కెమెరా మెడ సందుల్లో, స్విచ్ జాలీలో అట్లనే పేరుకుంటది. నెలకోసారి మెత్తటి బ్రష్షుతో దులపాలి. నోటితో ఊదొద్దు.

ఇప్పుడు కంట్రోలర్ కెమెరాతో ఏం మాట్లాడుతదో చెప్తం. పిల్లలకు ఇది నచ్చుతది. విస్కా ఆజ్ఞ అంటే కొన్ని అంకెల వరుస. 81తో మొదలైతది, ఎఫ్‌ఎఫ్‌తో ముగుస్తది. నడుమ ఉన్న అంకెలు "ఎడమకు తిరుగు", "ఇంత వేగంతో", "మూడో స్థానానికి పో" అని చెప్తయి. కెమెరా రెండుసార్లు జవాబు ఇస్తది. ఆజ్ఞ చేరగానే ఒకసారి "విన్నాను" అని, పని ముగిసినంక "అయిపోయింది" అని. నెట్‌వర్కు మీద ఇదే భాషకు ముందు ఒక చిన్న తలకట్టు చేరుస్తరు, అందులో ఇది ఎన్నో ఆజ్ఞ అని వరుస నంబరు ఉంటది. సోనీ పద్ధతిలో ఇది యూడీపీ మీద 52381 నంబరు పోర్టుకు పోతది. కొన్ని ఇతర కంపెనీలు అదే విస్కాను టీసీపీ మీద 5678 పోర్టులో వింటయి. అడ్రసు సరిగ్గా ఉండి, పింగ్ చేస్తే జవాబు వస్తూ ఉండి, అయినా కెమెరా కదలకపోతే ముందు చూడాల్సింది ఈ పోర్టు నంబరే. ఇల్లు దొరికింది, తలుపు వేరేది కొట్టినం అన్నమాట. ల్యాప్‌టాప్ నుంచి నడిపిస్తుంటే దాని ఫైర్‌వాల్ కూడా చూసుకోవాలి.

అన్ని కంపెనీలూ విస్కాతోనే మాట్లాడవు. పానాసోనిక్ కెమెరాలు వెబ్ పేజీ అడిగినట్టు హెచ్‌టీటీపీ మీద తమ సొంత ఆజ్ఞలు వింటయి. సీసీటీవీ వాళ్ల కోసం 2008లో మొదలైన ఓన్‌విఫ్ అనే ప్రమాణం ఇంకొకటి. కాబట్టి కెమెరా ఒక దుకాణంలో, కంట్రోలర్ ఇంకో దుకాణంలో చవకగా వచ్చిందని కొనేముందు ఇద్దరికీ ఉమ్మడి భాష ఉందో లేదో చూడండి. పిల్లకు పిల్లవాణ్ణి చూసేటప్పుడు ఇంటి పేరు, గోత్రం అడగమా!

వీడియో సంగతి వేరు, ఆజ్ఞల సంగతి వేరు. ఇది కలగలుపు కాకూడదు. ఆజ్ఞ అంటే పిడికెడు అంకెలు, ఎంత చిన్న వైరు మీదైనా పోతది. వీడియో అంటే నది. 2015లో న్యూటెక్ కంపెనీ తెచ్చిన ఎన్‌డీఐ పద్ధతిలో వీడియోను కూడా అదే నెట్‌వర్కు వైరు మీద పంపవచ్చు. కానీ పూర్తి నాణ్యతతో అయితే ఒక్క కెమెరాకే సెకనుకు 100 మెగాబిట్లకు పైన పడుతది. గిగాబిట్ స్విచ్ ఉండాలి, వైరింగు శుద్ధంగా ఉండాలి. మేము వీడియోకు వేరే ఎస్‌డీఐ కోయాక్స్ వైరు లాగినం, నెట్‌వర్కును ఆజ్ఞలకూ కరెంటుకూ మాత్రమే ఉంచినం. కొత్త తరం వాళ్లు ఇది పాతకాలం అంటరు. అననీ. నెట్‌వర్కులో ఏదైనా చిక్కు వస్తే కెమెరా కదలడం ఆగుతది గానీ బొమ్మ ఆగదు. పెళ్లి నడుస్తుండగా బొమ్మ ఆగితే ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పేది మేమే గదా!

జాయ్‌స్టిక్ కంటే ఎక్కువ పనికొచ్చేది ప్రీసెట్. కెమెరాను ఒకచోట నిలిపి, ఆ స్థానాన్ని ఒక నంబరు కింద దాచిపెడతం. తర్వాత ఆ నంబరు నొక్కితే అక్కడికే పోయి నిలబడుతది. జకార్డ్ తెలిసిన చేతులకు దీన్ని విడమరచి చెప్పాలా? 1804లో ఫ్రాన్స్ దేశం లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ చేసింది ఇదే. ఏ పోగు లేవాలో అట్ట మీద రంధ్రంగా దాచిపెట్టాడు, అట్ట తిరిగిన కొద్దీ అదే పువ్వు మళ్లీ మళ్లీ వచ్చింది. 1839లో ఆయన బొమ్మనే పట్టు మీద నేసినప్పుడు 24,000 అట్టలు పట్టినయట. అట్టల్లో ఆజ్ఞలు దాచే ఆలోచన అక్కడి నుంచే లెక్కల యంత్రాలకు పోయింది. కాబట్టి ఈ పెట్టె మనకు పరాయిది కాదు, మన వాడకట్టు నుంచి పోయి తిరిగి వచ్చిన చుట్టమే.

ప్రీసెట్ నంబర్లు మూడు కెమెరాలకూ ఒకే అర్థంతో ఉండాలి. మా దగ్గర 1 అంటే ఏ కెమెరాలోనైనా మొత్తం వేదిక. 2 అంటే మైకు దగ్గర మాట్లాడేవారు. 3 అంటే వేదిక మీద కూర్చున్న పెద్దలు. 4 అంటే మార్కండేయ మహర్షి పటం. 5 అంటే సభికులు. కొత్తగా కూర్చున్న పిల్లగాడికి కూడా ఒక్క పూటలో కుదురుతది. ఇంకో నియమం, ప్రసారంలో ఉన్న కెమెరాను తిప్పకూడదు. చూస్తున్నది ఒకటైతే, ఇంకోదాన్ని ముందే స్థానానికి పంపి, అది నిలబడినంకనే దానికి మారాలి. జాయ్‌స్టిక్ చేతికి వచ్చిన కొత్తలో ప్రతి ఒక్కరికీ తిప్పాలనే ఉంటది. చూసే ముసలవ్వకు కళ్లు తిరుగుతయి.

జాయ్‌స్టిక్ పెట్టెకు డబ్బులు లేని శాఖలు ఆగిపోనక్కర్లేదు. కెమెరా ఒక్కటి కొనుక్కొని, సంఘం ల్యాప్‌టాప్‌లో బిట్‌ఫోకస్ కంపానియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే తెర మీది బొత్తాలతోనే ప్రీసెట్లు పిలవవచ్చు. ప్రసారానికి వాడే ఓబీఎస్‌లో కూడా పీటీజెడ్ నడిపే చేర్పులు దొరుకుతయి. మా సలహా అడిగితే మొదటి డబ్బు మంచి వైరుకు, పీఓఈ స్విచ్‌కు, యూపీఎస్‌కు పెట్టండి. కెమెరా రేపు మార్చుకోవచ్చు. గోడలో పోయిన వైరును ఎవరు తీస్తరు?

సూరత్ నుంచి వచ్చిన అన్న ఒకరు పొద్దున అడిగిండ్రు: "నెట్‌వర్కే గదా, మేము అక్కడ కూర్చొని ఇక్కడి కెమెరా తిప్పొచ్చా?" అని. వీపీఎన్ పెట్టి చేయవచ్చు. కానీ ప్రసారం మీ తెర మీదికి వచ్చేసరికి కొన్ని సెకన్లు ఆలస్యం. మీరు చూసి ఆపేసరికి కెమెరా గోడను చూపిస్తుంటది. ప్రీసెట్లు పిలవడానికి పనికొస్తది, జాయ్‌స్టిక్‌కు కాదు. ఊరేగింపులకు కూడా ఈ ఏర్పాటు పనికిరాదు. రథం వెంట నడిచేటప్పుడు, చెరువు గట్టున బతుకమ్మ ఆడేటప్పుడు చేతి కెమెరాయే దిక్కు.

ఇక అసలు మాటకు వస్తం. సౌకర్యం ఎంత పెరిగిందో జాగ్రత్త అంత పెరగాలి. నెట్‌వర్కు మీద ఉన్న కెమెరా అంటే, ఆ నెట్‌వర్కులోకి వచ్చిన ఎవరైనా దాన్ని చూడగలరు, తిప్పగలరు. పెళ్లికి వచ్చిన చుట్టాలకు ఇచ్చే వైఫై, కెమెరాల స్విచ్ ఎన్నడూ ఒకటి కాకూడదు. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. బయటి నుంచి చూడటానికి సులువని రూటర్లో పోర్టు తెరిచి పెట్టకండి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలు, రికార్డర్లు, రూటర్లను పట్టుకొని ఒక సైన్యంలాగ చేసి, అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి నిలిపేసింది. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

బయటి దొంగ సంగతి అట్లుంచితే, బల్ల దగ్గర కూర్చున్న మనిషి సంగతి కూడా మాట్లాడుకోవాలి. అది మేమే. వెనుకట కెమెరా మోసుకొచ్చిన పిల్లగాడు కనపడేవాడు. "అటు పో" అని ఆడవాళ్లు గదమాయిస్తే పోయేవాడు. ఇప్పుడు గోడ మీది కెమెరా ఎవరి ముఖాన్ని దగ్గరికి లాగుతున్నదో కూర్చున్నవాళ్లకు తెలియదు. అందుకని మహిళా విభాగం అక్కలతో కూర్చొని ఒక మాట రాసుకున్నం. ఆడవాళ్ల వైపు 5వ ప్రీసెట్ దూరపు చూపు మాత్రమే. ఆ దిక్కు జాయ్‌స్టిక్‌తో దగ్గరికి లాగడం లేదు. పిల్లలకు పాలిచ్చే తల్లులు కూర్చునే మూలకు కెమెరా తిరగకుండా, కెమెరా సెట్టింగుల్లోనే తిరుగుడు హద్దు పెట్టినం. చాలా కెమెరాల్లో ఆ సౌకర్యం ఉంటది, వెతికి చూడండి. ఇంకా ఒక అడుగు ముందుకు వేసి, బల్ల దగ్గర కూర్చునే ఇద్దరిలో ఒకరు అమ్మాయి ఉండాలని అక్కలు అడిగిండ్రు. ఇప్పుడు జాయ్‌స్టిక్ ఎక్కువగా పట్టేది ఆ అమ్మాయే. చెయ్యి మాకంటే నిదానం.

రెండో మాట సర్వసభ్య సమావేశానిది. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. లెక్కలు చదివేటప్పుడు, చేతులెత్తి ఓటు వేసేటప్పుడు దూరాన ఉన్న సభ్యులు చూసేది మేము చూపించిందే. ఒక్క మనిషి ఒక్క బొత్తం నొక్కి, నిలదీసే సభ్యుణ్ణి వదిలేసి పటం వైపు కెమెరాను తిప్పవచ్చు. ఎత్తిన చేతులు సగమే కనపడేటట్టు చేయవచ్చు. నలుగురు కెమెరావాళ్లు ఉన్నప్పుడు అది అంత సులువు కాదు. ఇప్పుడు సులువు. కాబట్టి సమాఖ్య ముందు మేము పెడుతున్న ప్రతిపాదన ఇది. సర్వసభ్య సమావేశం జరిగినంతసేపు మొదటి కెమెరా హాలు వెనుక నుంచి వేదికా సభా రెండూ కనపడేటట్టు 1వ ప్రీసెట్‌లోనే ఉండాలి. దాన్ని కంట్రోలర్ జాబితాలోంచి ఆ పూటకు తీసేయాలి. దాని రికార్డింగు మొదటి నుంచి చివరి దాకా తెగకుండా ఉండాలి. మిగిలిన రెండు కెమెరాలు మామూలుగా తిరగవచ్చు. సమావేశం నడుస్తుండగా ప్రసార గదిలోకి ఏ పదవిలో ఉన్నవారైనా వచ్చి "అది చూపించు, ఇది చూపించొద్దు" అనకూడదు. ఎవరిని ఎప్పుడు చూపాలో ముందు రోజే కాగితం మీద రాసుకొని, కార్యదర్శి, మహిళా విభాగం, ప్రసార బృందం ముగ్గురూ సంతకం పెట్టాలి.

"మీ మీద మాకు నమ్మకం ఉంది, ఇవన్నీ ఎందుకు?" అని ఒక పెద్దమనిషి ప్రేమగా అన్నరు. ఆ నమ్మకానికి దండం. కానీ రేపు మా స్థానంలో ఇంకొకరు కూర్చుంటరు. బట్ట బాగా నేసినా మీటరు కర్రతో కొలిచే తీసుకుంటడు గదా మాలక్.

పిల్లల మాట చెప్పి ముగిస్తం. సాంచాల మీద బతుకు రోజురోజుకూ ఎట్ల బిగుస్తున్నదో మాకంటే మీకు ఎక్కువ తెలుసు. పాత సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయిన కార్ఖానాల పేర్లు మీలో ప్రతి ఒక్కరూ చెప్పగలరు. ఇంటికో పిల్లవాడు "ఏం పని నేర్చుకోవాలె" అని అడుగుతున్నడు. ఈ కెమెరాలు తిప్పడం వల్ల అందరి ఇండ్లూ నిండుతయని మేము చెప్పం, అది అబద్ధమైతది. కానీ అడ్రసులు వేయడం, వైరు కొసలకు కొండీలు బిగించడం, పీఓఈ లెక్క కట్టడం, చిక్కు ఎక్కడుందో ఒక్కో మెట్టు వెతకడం వచ్చిన పిల్లవాడికి ముంబైలో, ఠాణేలో కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పని దొరికే దారి ఉంది. మా బృందంలో వైరింగు చేసే తమ్ముడు ఇట్లనే వచ్చినవాడు. తండ్రి ఇప్పటికీ కాండీలు చుడుతడు.

కాబట్టి ప్రతి శాఖ నుంచి ఇద్దరిని పంపండి. అందులో ఒకరు అమ్మాయి అయితే మంచిది. భోజనాలు అయినంక ప్రసార గది తలుపు తీసే ఉంటది. రెండు కెమెరాలు కావాలనే డబ్బాల్లో అట్లనే ఉంచినం, ఫ్యాక్టరీ అడ్రసు మార్చలేదు. వచ్చిన పిల్లలతోనే ఒక్కొక్కటి విప్పించి, అడ్రసు వేయించి, అడుగున పట్టీ అంటిస్తం. పెన్ను, చిన్న నోటు పుస్తకం తెచ్చుకోండి. ప్రతిపాదన కాగితం నకళ్లు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నయి, సాయంత్రం చర్చకు ముందు ఒకసారి చదివి రాగలరు.